కలెక్టర్ కుర్చీ ఒక్కటే కాదు
ఊరిని, నగరాన్ని నడిపే ఉద్యోగాల గురించి తల్లిదండ్రులతో కొన్ని మాటలు



ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని మూడు ప్రశ్నలు అడిగి చూడండి. మన జిల్లా కలెక్టర్ ఎవరు? మన డివిజన్ కార్పొరేటర్ ఎవరు? ఊళ్లో ఉండేవారైతే మన సర్పంచ్ ఎవరు? ఇక మూడోది, మన ఇంటి ముందు మురుగు కాలువ పొంగితే ఎవరికి చెప్పాలి?

మొదటి ప్రశ్నకు చాలామంది పిల్లలు జవాబు చెబుతారు. రెండోదానికి తడుముకుంటారు. మూడో ప్రశ్న దగ్గర మాత్రం మీ ముఖం వైపే చూస్తారు. మీకూ వెంటనే తట్టకపోతే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మనలో ఎక్కువమంది పరిస్థితి అదే.

పేరెంట్స్ మీటింగుల్లో "మా పాప కలెక్టర్ కావాలి సార్" అనే మాట తరచుగా వినిపిస్తుంది. మంచి కోరికే. కానీ ఆ మాట అన్న ఇంట్లోనే వార్డు ఆఫీసర్ అంటే ఏమిటో, మున్సిపల్ కమిషనర్ ఎలా అవుతారో, పట్టణ ప్రణాళిక చదువు ఎక్కడ ఉంటుందో తెలియదు. ప్రజాసేవ అనగానే మన కళ్ల ముందు ఒకే కుర్చీ కనిపిస్తుంది. ఆ కుర్చీ దక్కేది ఏటా దేశం మొత్తం మీద నూట ఎనభై మందికి అటూ ఇటుగా. దాని చుట్టూ ఉన్న వందల రకాల పనులు మన పిల్లల దృష్టికే రావడం లేదు. ఈ నెల ఆ పనుల గురించి, వాటిని మార్చిన సంస్కరణల గురించి, మన వరంగల్ ఉదాహరణలతోనే మాట్లాడుకుందాం.

1959: ఒకే ఏడాది, రెండు ఆరంభాలు

1959 అక్టోబరు 10న ప్రధాని నెహ్రూ వరంగల్ వచ్చి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. అదే నేటి నిట్. అది ఈ ప్రాంతంలో ఎన్ని కుటుంబాల తలరాత మార్చిందో మీకు చెప్పనక్కర్లేదు. "మా వాడు నిట్‌లో సీటు కొట్టాలి" అనే కల ఇక్కడి ప్రతి వీధిలో ఉంది.

అదే 1959లో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఆయనే ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. రాజస్థాన్ తర్వాత ఆ బాట పట్టిన రెండో రాష్ట్రం మనదే. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలను తెచ్చింది. మన తాతల కాలంలో పనుంటే తాలూకా కేంద్రానికి పోయేవారు. మండలం వచ్చాక ఆఫీసు దగ్గరైంది.

మొదటి ఆరంభం గురించి పిల్లలకు రోజూ చెబుతున్నాం. రెండోదాని గురించి సోషల్ పాఠంలో రెండు మార్కుల ప్రశ్న వరకే చెబుతున్నాం. మన ఇంటికి నీళ్లు, దీపం, రోడ్డు, పారిశుధ్యం వచ్చేది ఆ రెండో దారి నుంచే.

ఒక నాలా వెనుక ఎన్ని చేతులు?

2020 ఆగస్టు వానలు, 2023 జూలై వరదలు మన నగరం మరిచిపోలేదు. కాలనీల్లో పడవలు తిరిగాయి. మీలో కొందరి ఇళ్లలోకీ నీళ్లు వచ్చే ఉంటాయి. ఆ నీళ్లు ఎందుకు నిలిచాయన్న ప్రశ్నతో మొదలుపెడితే ప్రజాసేవలోని ఉద్యోగాలన్నీ వరుసగా బయటికి వస్తాయి.

కాకతీయులు ఈ నేలకు గొలుసుకట్టు చెరువులు ఇచ్చారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు చేరాలి. ఆ దారి నాలా. నాలా ఎంత వెడల్పు ఉండాలో, పక్కన ఎంత ఖాళీ వదలాలో మాస్టర్ ప్లాన్‌లో గీసేది పట్టణ ప్రణాళికా నిపుణులు. మన దగ్గర ఆ పని కుడా, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగాలది. ఆ గీతను దాటి ఇల్లు లేస్తే ఆపాల్సిందీ వారే. పూడిక తీయించేది, కల్వర్టు కట్టించేది మున్సిపల్ ఇంజినీర్లు. అందులో చెత్త పడకుండా చూసేది శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, తెల్లవారకముందే పనిలోకి దిగే పారిశుధ్య కార్మికులు. పై చెరువు తూము, కట్ట నీటిపారుదల శాఖవి. ఆక్రమణ ఎవరిదో, భూమి ఎవరి పేరున ఉందో తేల్చేది తహసీల్దారు. కోర్టులో కేసు పడితే వాదించేది కార్పొరేషన్ తరఫు న్యాయవాది. ఈ పనికి డబ్బు కేటాయించేది కౌన్సిల్, అంటే మనం ఓటేసి పంపిన కార్పొరేటర్లు. వీళ్లందరినీ ఒక తాటి మీద నడిపేది కమిషనర్. వరద వచ్చాక సహాయం చూసేది కలెక్టర్.

చూశారా, కలెక్టర్ ఈ వరుసలో చివరగా వచ్చారు. వరద రాకముందు చేయాల్సిన పనంతా మిగతావాళ్లది. ఆ మిగతావాళ్లలో ఒక్కరు కళ్లు మూసుకున్నా నీళ్లు మన హాల్లోకి వస్తాయి. అందుకే ఆ కుర్చీల్లో తెలివైన, నిజాయితీ గల పిల్లలు కూర్చోవడం మనకు అవసరం. వాళ్లు ఎక్కడి నుంచో రారు, మన ఇళ్లలోంచే రావాలి.

సంస్కరణ అంటే ఏం మారింది?

స్థానిక సంస్థలకు రాజ్యాంగంలో గట్టి చోటు దొరికింది 73, 74వ సవరణలతో. అంతకు ముందు 1989లో ఇలాంటి బిల్లే రాజ్యసభలో వీగిపోయింది. 1992 డిసెంబరులో పార్లమెంటు ఈ రెండు సవరణలను ఆమోదించినప్పుడు ప్రధాని పీవీ నరసింహారావు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, నేటి హనుమకొండ జిల్లాలోని వంగరలో పెరిగిన మనిషి. ఆర్థిక సంస్కరణల పీవీ మనకు తెలుసు. పంచాయతీకి రాజ్యాంగ హోదా వచ్చింది కూడా ఆయన హయాంలోనేనని పిల్లలకు చెప్పండి.

ఆ సవరణలతో ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. వాటి కోసం ప్రత్యేకంగా రాష్ట్ర ఎన్నికల సంఘం వచ్చింది. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు దక్కాయి. మన రాష్ట్రంలో ఇప్పుడు అది సగం. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా, పట్టణ సంస్థలకు 18 అంశాల జాబితా రాజ్యాంగంలో చేరాయి.

తర్వాత మన రాష్ట్రంలో మార్పులు వేగంగా వచ్చాయి. 2016లో జిల్లాల పునర్విభజనతో పాత వరంగల్ జిల్లా ముక్కలై కొత్త కలెక్టరేట్లు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం తండాలను, చిన్న పల్లెలను కూడా పంచాయతీలుగా చేయడంతో రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. ప్రతి పంచాయతీకి ఒక కార్యదర్శి ఉండాలని 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ఒకేసారి పరీక్ష పెట్టారు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, ప్రముఖ పౌరులకు ఒకటి. ఇంటి అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గించేందుకు 2020లో ఆన్‌లైన్ స్వీయ ధ్రువీకరణ విధానం వచ్చింది.

చట్టం రాగానే అన్నీ మారిపోలేదు, అదీ నిజమే. నిధులు, అధికారాలు కింది దాకా పూర్తిగా రాలేదన్న మాట సర్పంచులు ఏళ్లుగా చెబుతున్నారు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక ఎన్నికలు వెంటనే జరగక పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి వెళ్లాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగిపోతాయి. అంటే సంస్కరణ ఇంకా సగం దారిలోనే ఉంది. మిగతా సగం ఇప్పుడు మన తరగతి గదుల్లో కూర్చున్న పిల్లల తరం చేయాల్సిన పని.

నర్సంపేట దారిలో ఒక పాఠం

వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే దారిలో గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఉంది. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని వెళ్లి చూడదగ్గ ఊరు. అక్కడ గుట్టలూ జలపాతాలూ లేవు. చూడాల్సింది ఊరు నడిచే తీరు.

ఒకప్పుడు అది మచ్చాపూర్ పంచాయతీలో ఒక చిన్న పల్లె. సారా వల్ల ఇళ్లు గుల్లవుతున్నాయని 1982లోనే ఊరంతా కలిసి మద్యం మానేయాలని తీర్మానించుకుంది. రాష్ట్రంలో సారా ఉద్యమం రావడానికి పదేళ్ల ముందు మాట ఇది. 1994లో ప్రత్యేక పంచాయతీ అయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో పాలకవర్గం మొత్తాన్ని మహిళలకే అప్పగించారు. కూసం లలిత సర్పంచ్ అయ్యారు. తర్వాతి కాలంలో సర్పంచ్‌గా చేసిన కూసం రాజమౌళి పేరు ఈ ఊరి కథలో విడదీయలేనిది.

ఆ ఊరి అసలు రహస్యం కమిటీలు. తాగునీటికి ఒకటి, పారిశుధ్యానికి ఒకటి, వీధి దీపాలకు, చదువుకు, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక పని భుజాన వేసుకున్నారు. ఇంటి పన్ను నూటికి నూరు శాతం వసూలైంది. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాలవికాస సంస్థ తోడ్పాటుతో శుద్ధి చేసిన తాగునీటి ప్లాంటు పెట్టుకున్నారు. ప్లాంటు ఎవరో పెట్టి పోయింది కాదు. ఊరివాళ్లు తమ వాటా వేసుకుని, తామే నడుపుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. 2015 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం గ్రామజ్యోతి కార్యక్రమాన్ని ఇక్కడి నుంచే ప్రారంభించింది.

ఈ ఊరి నుంచి నాయకత్వం గురించి మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఇక్కడ మార్పు తెచ్చినవాళ్లు ఏ పోటీ పరీక్షా రాయలేదు. నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడారు. కాదన్నవాణ్ని వదిలేయకుండా మళ్లీ మాట్లాడారు. లెక్కలు అందరి ముందూ పెట్టారు. పనిని పంచారు. మన పిల్లలకు ట్రిగొనామెట్రీ వస్తుంది కానీ, పదిమందిని ఒక మాట మీదికి తేవడం రాదు. ఆ లోటు ర్యాంకుతో పూడదు.

నగరం విషయానికి వస్తే, 2012 అక్టోబరులో అప్పటి కమిషనర్ వివేక్ యాదవ్ ఆధ్వర్యంలో వారం పాటు జరిగిన క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ కొందరికి గుర్తుండొచ్చు. ఇతర పట్టణాల మున్సిపల్ బృందాలు కూడా వచ్చి మన వీధుల్లో ఇంటింటికీ తిరిగి, తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం అలవాటు చేశాయి. 2016లో సెప్టిక్ ట్యాంకుల మురుగును ఎక్కడపడితే అక్కడ పారబోయకుండా నిబంధనలు తెచ్చిన తొలి నగరాల్లో మనది ఒకటి. తర్వాత అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం వచ్చింది. దేశంలోని ఇతర పట్టణాల అధికారులు చూడటానికి వచ్చారు. ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని సమస్య అది. దాన్ని చేతిలోకి తీసుకోవడానికి ఇంజినీరింగ్ తెలివీ కావాలి, పట్టుదలా కావాలి.

దారులు ఎన్ని?

ప్రజాసేవలోకి వెళ్లే దారులు నాలుగు రకాలు.

మొదటిది పరీక్షల దారి. యూపీఎస్‌సీ సివిల్స్ అందరికీ తెలిసిందే. ఏ డిగ్రీ అయినా చాలు, 21 ఏళ్లు నిండాలి. జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్ల లోపు ఆరు ప్రయత్నాలు, బీసీలకు 35 ఏళ్ల లోపు తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్ల దాకా ఎన్నైనా. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు, తెలుగు సాహిత్యాన్ని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. రాష్ట్ర స్థాయిలో గ్రూప్-1 ద్వారా డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీతో పాటు జిల్లా పంచాయతీ అధికారి, ఎంపీడీఓ, మున్సిపల్ కమిషనర్ కావచ్చు. 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లోని 563 పోస్టుల్లో 140 ఎంపీడీఓలవే. డిప్యూటీ కలెక్టర్లు 45 మాత్రమే. గ్రూప్-2లో చిన్న మున్సిపాలిటీల కమిషనర్, మండల పంచాయతీ అధికారి పోస్టులుంటాయి. వార్డు ఆఫీసర్లను గ్రూప్-4 ద్వారా తీసుకున్నారు. పంచాయతీ కార్యదర్శిది వేరే పరీక్ష.

రెండోది వృత్తి చదువుల దారి. దీని మీద మన తల్లిదండ్రుల దృష్టి తక్కువ. సివిల్ ఇంజినీరింగ్ చదివినవారు మున్సిపల్, పంచాయతీరాజ్, నీటిపారుదల ఇంజినీర్లుగా వెళ్తారు. పట్టణ ప్రణాళికకు ప్రత్యేకంగా బీ.ప్లానింగ్ కోర్సు ఉంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి సంస్థల్లో జేఈఈ మెయిన్ పేపర్ 2బీ ద్వారా సీటు వస్తుంది. మామూలు జేఈఈ రాసే పిల్లల్లో ఆ పేపరు గురించి తెలిసినవారే తక్కువ. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో కూడా ప్లానింగ్ డిగ్రీ ఉంది. ఎంబీబీఎస్ చదివినవారికి ప్రజారోగ్యం, కామర్స్ చదివినవారికి మున్సిపల్ అకౌంట్లు, ఆడిట్, లా చదివినవారికి స్థానిక సంస్థల న్యాయ సలహా, కంప్యూటర్స్ చదివినవారికి భూముల మ్యాపులు, ఆన్‌లైన్ సేవలు. ప్రతి గ్రూపు నుంచీ ఒక తలుపు ఉంది.

మూడోది ఎన్నికల దారి. 21 ఏళ్లు నిండితే వార్డు సభ్యుడిగా, సర్పంచ్‌గా, కార్పొరేటర్‌గా పోటీ చేయవచ్చు. సర్పంచ్‌ను ఊరు నేరుగా ఎన్నుకుంటుంది, పార్టీ గుర్తు ఉండదు. మేయర్‌ను కౌన్సిల్ ఎన్నుకుంటుంది. 1899లో మున్సిపాలిటీగా మొదలై 1994లో కార్పొరేషన్ అయిన మన నగరంలో 2021 ఎన్నికల నాటికి 66 డివిజన్లున్నాయి. "రాజకీయాలు మనకెందుకమ్మా" అని మనం అంటాం. మన పిల్లలు వద్దనుకున్న కుర్చీ ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు కూర్చుంటారు, మన నాలా వెడల్పు వారే నిర్ణయిస్తారు. పిల్లల్ని ఎన్నికల్లో నిలబెట్టమని కాదు, ఆ మాటను ఇంట్లో తిట్టుగా వాడొద్దని మాత్రమే మా మనవి.

నాలుగోది బయటి నుంచి చేసే సేవ. స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన, శిక్షణ సంస్థలు. గ్రామీణాభివృద్ధిలో దేశానికంతటికీ శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది.

పదవి పెద్దదైనా మనిషి

సత్య నాదెళ్ల పేరు తెలియని తల్లిదండ్రులు మనలో ఉండరు. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ పేరు ఎంతమందికి తెలుసు? అనంతపురం జిల్లాకు చెందిన ఆయన 1962 బ్యాచ్ ఐఏఎస్. ముస్సోరీలో ఐఏఎస్‌లకు శిక్షణ ఇచ్చే అకాడమీకి డైరెక్టర్‌గా పనిచేశారు. కొత్తగా వచ్చిన అధికారులను పల్లెలకు పంపి, పేదల ఇళ్లలో ఏముందో చూసి రమ్మన్న గురువు.

మరొకరు ఎస్.ఆర్. శంకరన్. తమిళనాడులో పుట్టి, 1957 బ్యాచ్‌లో మన రాష్ట్రానికి వచ్చారు. వెట్టిచాకిరీ చేసే కుటుంబాలను విడిపించడం తన పనిగా పెట్టుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలోంచి పేద విద్యార్థుల చదువులకు ఇచ్చేవారు. పంచాయతీల సవరణ బిల్లు రూపుదిద్దుకున్న కాలంలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శి ఆయనే. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అధికారులను బందీలుగా పట్టుకున్నప్పుడు వారిలో ఆయనా ఉన్నారు. పద్మభూషణ్ ఇస్తామంటే సున్నితంగా వద్దన్నారు. 2010లో ఆయన పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో ఆయన పేరు రాయడం కూడా రానివాళ్లు ఉన్నారు.

ఈ ఇద్దరి గురించి చెప్పడానికి కారణం ఉంది. "కలెక్టర్ అయితే కారు, బంగ్లా, సెల్యూట్" అని చెప్పి పెంచిన పిల్లకూ, "కలెక్టర్ అయితే ఇంతమందికి పని చేయవచ్చు" అని చెప్పి పెంచిన పిల్లకూ ఒకే ర్యాంకు రావచ్చు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఇద్దరూ ఒకే రకం అధికారులు కారు. ఆ తేడాకు విత్తనం పడేది మీ ఇంట్లోనే.

చేదైనా చెప్పాల్సిన మాట

2024 సివిల్స్‌కు 9.9 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ప్రిలిమ్స్ రాసినవారు 5.8 లక్షలు. చివరికి ఎంపికైనవారు 1,009. వారిలో మన వరంగల్ అమ్మాయికి 11వ ర్యాంకు రావడం మనందరికీ గర్వకారణం. కానీ ఆమె ఫొటో చూసిన ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క కూడా చూడాలి.

రాష్ట్ర పరీక్షల సంగతి ఇంకా కష్టం. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రశ్నపత్రం లీకై ఒకసారి, కోర్టు తీర్పుతో మరోసారి ప్రిలిమ్స్ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదలై, నియామకాల దాకా కోర్టు కేసులతోనే సాగింది. పుస్తకం తెరిచినప్పుడు ఇరవై మూడేళ్లున్న పిల్లవాడికి ఫలితం వచ్చేసరికి ఇరవై ఆరు దాటాయి. జూనియర్ పంచాయతీ కార్యదర్శులకు ఉద్యోగం వచ్చాక కూడా ప్రొబేషన్ నాలుగేళ్లు సాగింది. 2023లో సమ్మె చేశాకే క్రమబద్ధీకరణ కదిలింది.

అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, హన్మకొండ స్టడీ హాళ్లలో ముప్పై దాటినా ఇంకా "ఈసారి తప్పకుండా" అంటున్న పిల్లలున్నారు. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు లేరు. చేతిలో మరో పని లేకపోవడమే వారి కష్టం. అందుకే మా సలహా సూటిగా చెబుతున్నాం. ముందు తనకు నచ్చిన, తన కాళ్ల మీద నిలబెట్టే డిగ్రీ. ఎన్నేళ్లు, ఎన్ని ప్రయత్నాలు అన్నది మొదటి రోజే ఇంట్లో కూర్చుని రాసుకోవాలి. ఆ గడువు దాటితే వెనక్కి రావడం ఓటమి కాదని తల్లిదండ్రులే ముందుగా చెప్పాలి. ఆ మాట అమ్మానాన్నల నోటి నుంచి రాకపోతే పిల్లలు ఎన్నటికీ తమంతట తాము అనలేరు.

ఇంకో మాట. ఆరో తరగతి నుంచే సివిల్స్ కోచింగ్ అవసరమా అని చాలామంది అడుగుతున్నారు. ఎవరైనా ఆ వయసులో ఐఏఎస్ గ్యారంటీ అంటే, ఆ చెప్పేది మేమైనా సరే, నమ్మకండి. ఆ వయసులో కావాల్సింది చదివే అలవాటు, ప్రశ్నించే అలవాటు.

ఏ వయసులో ఏం చేయవచ్చు?

6 నుంచి 8వ తరగతి: రోజూ పావుగంట పేపర్లో జిల్లా పేజీ చదివించండి. తెలుగు పేపరైతే ఇంకా మంచిది. ఇంటి పన్ను రసీదు వచ్చినప్పుడు చేతికిచ్చి, ఈ డబ్బు ఎక్కడికి పోతుందో మాట్లాడండి. ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఎందుకిస్తారో వాళ్లనే ఆలోచించమనండి.

9, 10 తరగతులు: సెలవుల్లో సొంతూరు వెళ్లినప్పుడు గ్రామసభ ఉంటే తీసుకెళ్లండి. రెండు నెలలకోసారి జరపాలని చట్టం చెబుతోంది. జరగడం లేదంటే ఎందుకు జరగడం లేదని అడగడమూ పాఠమే. గల్లీలో వెలగని వీధి దీపం గురించి ఫిర్యాదును మీ పిల్లల చేతే రాయించండి. ఎన్ని రోజులకు వెలిగిందో లెక్క పెట్టించండి.

ఇంటర్: ఎంపీసీ, బైపీసీ, సీఈసీ ఏదైనా ప్రజాసేవకు అడ్డు కాదు. హెచ్ఈసీ తీసుకుంటానన్న పిల్లను "మార్కులు రాలేదా" అని అడగొద్దు. పద్దెనిమిది నిండగానే ఓటరు నమోదు చేయించండి.

డిగ్రీ, ఇంజినీరింగ్: సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయడం నేర్చుకోమనండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి దగ్గర గంటసేపు కూర్చుని చూడమనండి. కాగితం పట్టుకుని వరుసలో నిలబడ్డ ముసలమ్మను చూశాక, ఈ ఉద్యోగం తనకు కావాలో వద్దో పిల్లలకే తెలిసిపోతుంది.

చివరగా

మొదట అడిగిన మూడో ప్రశ్న దగ్గరికే వద్దాం. కాలువ పొంగితే ఎవరికి చెప్పాలి? వార్డు ఆఫీసర్‌కు, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, కార్పొరేటర్‌కు. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కు. ఈ వారం మీ పిల్లలతో కలిసి వాళ్ల పేర్లు కనుక్కుని, ఫ్రిజ్ మీద ఐఐటీ టైమ్‌టేబుల్ పక్కన అంటించండి. వీలైతే వాళ్లలో ఒకరిని కలిసి, "మీ రోజు ఎలా గడుస్తుంది సార్, ఎలా గడుస్తుంది మేడమ్" అని పిల్లల చేత అడిగించండి. కెరీర్ గైడెన్స్‌లో అంతకంటే మంచి తరగతి మేమూ చెప్పలేం.

మీ పిల్లలు కలెక్టర్ అయితే సంతోషం. కాకపోయినా, తన వీధి గురించి పట్టించుకునే ఇంజినీరు, డాక్టరు, వ్యాపారి అయితే ఈ నగరానికి అదీ లాభమే. ఈసారి వానాకాలం వచ్చేలోపు మీ ఇంటి దగ్గరి నాలా ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచి చూసి రండి.